రెయిడ్ తీసేసి ఒక్క డిస్కుకి మారబోతున్న మేనల్లుడికి

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిరంజీవి మేనల్లుడికి,
మావయ్య ఆశీస్సులు.

గాజువాక స్టూడియో కంప్యూటర్లో రెయిడ్ (రెండు డిస్కుల్ని ఒకటిగా కలిపి వాడే ఏర్పాటు) తీసేసి ఒకే ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్కు) పెట్టుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచి పని చేస్తున్నావు. మామూలు హార్డ్ డిస్కులు రెండు కలిసి పనిచేసినా సెకనుకి 400 ఎంబీ దాటడం కష్టం. మామూలు సాటా కేబుల్‌తో తగిలించే ఎస్ఎస్‌డీ ఒక్కటే 500 పైన ఇస్తుంది.

వేగం కన్నా నాకు నీ ఫొటోల గురించే బెంగ. నీది రెయిడ్ జీరో. అందులో ప్రతి ఫొటో ముక్కలై రెండు డిస్కుల మీదా ఉంటుంది. ఒకటి పోతే రెండోదాంట్లో మిగిలిన ముక్కలతో ఏమీ చేయలేం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత మన ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, గుర్తుందా? కరెంటు వచ్చిన రోజు ఆత్రం కొద్దీ కంప్యూటర్ ఆన్ చేశాను. కరెంటు వస్తూ పోతూ ఉంది. ఒక డిస్కు ఆగిపోయింది. మీ అమ్మమ్మ చివరి రెండేళ్ల ఫొటోలు దాంతోనే పోయాయి. ఇంకో కాపీ తీసి పెట్టుకోలేదు. నీకు ఆ బాధ రాకూడదు.

అందుకే ముందు ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి అన్నీ కాపీ చెయ్యి. కాపీ అయిందని వదిలేయకుండా, దాన్ని వేరే ల్యాప్‌టాప్‌కి పెట్టి పాత పెళ్లి ఆల్బమ్ ఒకటి, మొన్నటిది ఒకటి తెరిచి చూడు. బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్‌ని సస్పెండ్ చెయ్యి, అంటే తాత్కాలికంగా ఆపు. యూపీఎస్ లేకుండా మాత్రం పని మొదలుపెట్టకు.

క్లోనింగ్ దగ్గర, అంటే పాతదాంట్లో ఉన్నదంతా విండోస్‌తో సహా కొత్తదాంట్లోకి ఉన్నదున్నట్టు దించే దగ్గర, ఒక్క విషయం జాగ్రత్తగా చూడు. సాఫ్ట్‌వేర్‌కి నీ రెయిడ్ 2 టీబీల ఒకే డిస్కులా కనబడాలి. 1 టీబీవి రెండు విడివిడిగా కనబడితే అక్కడే ఆపెయ్. ఒక్కో దాంట్లో సగం ముక్కలే ఉంటాయి, అది క్లోన్ చేసి లాభం లేదు. కొత్త ఎస్ఎస్‌డీ కొన్ని ఎంబీలు చిన్నదైనా కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒప్పుకోవు. ముందే చివరి పార్టిషన్‌ని (డిస్కులోని చివరి భాగాన్ని) ఓ 20 జీబీ తగ్గించి పెట్టుకో.

క్లోన్ అయ్యాక కంప్యూటర్ ఆపేసి, పాత డిస్కుల కేబుళ్లు పీకేసి, ఎస్ఎస్‌డీ ఒక్కదానితోనే ఆన్ చెయ్యి. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల్లో) రెయిడ్ మోడ్‌ని అప్పుడే మార్చకు. చాలామంది ఇక్కడే తొందరపడి, విండోస్ తెరుచుకోకుండా ఆగిపోయే నీలం స్క్రీన్ తెచ్చుకుంటారు. విండోస్ మామూలుగా తెరుచుకుంటే ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ టూల్లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ చేసి, బయోస్‌లోకి వెళ్లి రెయిడ్‌ని ఏహెచ్‌సీఐ (విడి డిస్కులకి వాడే మామూలు మోడ్) చెయ్యి. సేఫ్ మోడ్‌లో విండోస్ ఆ డ్రైవర్ని తనే ఎక్కించుకుంటుంది. తర్వాత ఆ టిక్ తీసెయ్యి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ గుర్తుంచుకో.

ఎప్పుడైనా పాత డిస్కులు మళ్లీ తగిలిస్తే ఇనిషియలైజ్ చేయమంటావా (కొత్త డిస్కులా సిద్ధం చేయమంటావా) అని విండోస్ అడగొచ్చు. దేనికీ ఓకే నొక్కకు. రెయిడ్ మెనూలో డిలీట్ జోలికి అసలే పోకు. వాటి మీద తేదీ రాసి, యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి, తడి తగలని డబ్బాలో దాచు. మన సముద్రపు గాలి సంగతి నీకు తెలిసిందే. నెల రోజులు కొత్తదాని మీద పని చేసి, అన్ని ఆల్బమ్‌లూ తెరుచుకున్నాకే వాటిని చెరిపే ఆలోచన చెయ్యి. ఎక్స్‌టర్నల్ డిస్కు కాపీ మాత్రం వారం వారం తీస్తూనే ఉండు. ఎస్ఎస్‌డీ కూడా చెప్పకుండానే పోతుంది.

పెళ్లిళ్ల సీజన్ మధ్యలో వద్దు, బుకింగులు లేని రోజు చూసుకో. నీలం స్క్రీన్ వచ్చినా టెన్షన్ పడకు. ఏదీ చెరపకుండా నాకు ఫోన్ చెయ్యి, బస్సెక్కి వచ్చేస్తాను.

ఇట్లు,
మీ మావయ్య