జలప్రళయం మీద వాదానికి కూర్చునే ముందు

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

నీ క్రైస్తవ స్నేహితుడితో నోవహు ప్రళయం గురించి మాట్లాడబోతున్నానని రాశావు. మనుషులు చెడిపోయారని దేవుడు లోకాన్నంతా నీళ్లతో ముంచి, నోవహు కుటుంబాన్నీ జంతువుల్నీ మాత్రం ఒక ఓడలో కాపాడాడన్న బైబిలు కథ అది. స్నేహం చెడకుండా విషయం తేలాలంటే కొంత సిద్ధపడి వెళ్లాలి.

అలాంటి ప్రళయం జరిగిందా అన్నది ఒక ప్రశ్న. జరిగిందనే అనుకుంటే, అది చేసిన దేవుణ్ని న్యాయవంతుడు అనగలమా అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండూ కలిసిపోయిన చోటే వాదన పాడవుతుంది. నువ్వు పసిపిల్లల గురించి అడుగుతావు, అతను ఆ ఓడ నిలిచిందనే అరారాతు కొండ మీది చెక్కల గురించి చెబుతాడు. గంట గడిచినా ఒక్క మాటా తేలదు. అందుకే ముందే అడుగు: దీన్ని జరిగిన చరిత్రగా నమ్ముతావా, బోధగా చదువుతావా? బోధ అన్నాడంటే మొదటి ప్రశ్న అక్కడితో వదిలెయ్.

చరిత్ర అంటే లెక్క చాలు. కొండలన్నీ మునిగి ఆపైన 15 మూరల నీరు నిలిచిందని బైబిలు మొదటి పుస్తకం ఆదికాండము 7:20 (ఏడో అధ్యాయం, ఇరవయ్యో వాక్యం) చెబుతుంది. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. భూమి మొత్తం మీద అంత ఎత్తున నీళ్లు నిలవాలంటే ఇప్పుడున్న సముద్రాలకు మూడు రెట్లు పైగా అదనపు నీరు కావాలి. మంచుగడ్డలన్నీ కరిగినా సముద్రం లేచేది సుమారు 70 మీటర్లే. 'అప్పట్లో కొండలు అంత ఎత్తు లేవు' అంటాడు. నాలుగున్నర వేల ఏళ్లలో అంత ఎత్తు పెరగాలంటే ఏటా దాదాపు రెండు మీటర్లు పెరగాలి. హిమాలయాల పెరుగుదలను కొలిచేది మిల్లీమీటర్లలో. 'అది ఆ ప్రాంతానికే వచ్చిన వరద' అన్నా చిక్కే. అలాగైతే పక్షుల్ని ఓడలోకి ఎక్కించడం ఎందుకు? ఇలాంటి జలప్రళయం ఇక రానివ్వనని 9:11లో ఇచ్చిన మాట ఏమైనట్టు? ప్రాంతాల వరదలు వస్తూనే ఉన్నాయి కదా. ఇక్కడ గెలిచినందుకు పొంగిపోకు. 1831లో లండన్ జియలాజికల్ సొసైటీ (భూగర్భ శాస్త్రవేత్తల సంఘం) అధ్యక్షుడు ఆడమ్ సెడ్జ్‌విక్, స్వయంగా చర్చి గురువై ఉండి, కంకర మేటల్ని నోవహు ప్రళయానికి ముడిపెట్టిన తన పాత మాటను అందరి ముందూ వెనక్కి తీసుకున్నాడు. విశ్వాసం మాత్రం వదల్లేదు.

అసలు బరువంతా రెండో ప్రశ్నలో ఉంది. దానికి ఆదికాండము 6 నుంచి 9 వరకు పెన్సిల్ పట్టుకుని చదువు. దేవుణ్ని 'యెహోవా' అని పేరుతో పిలిచిన చోట ఒక రంగు, 'దేవుడు' అన్న చోట ఇంకో రంగు గీత పెట్టు. ఒక చోట జంతువులు జాతికి రెండేసి, ఇంకో చోట పవిత్రమైనవి ఏడేసి. ఒక చోట 40 రోజుల వాన, ఇంకో చోట 150 రోజుల నీరు. ఇవి రెండు కథనాల అల్లిక అని చాలామంది పండితులు ఎందుకంటారో నీకే తెలుస్తుంది. 6:11లో 'బలాత్కారము' అన్న మాటను ఇప్పటి అర్థంలో తీసుకోకు. అక్కడ దాని అర్థం దౌర్జన్యం, హింస. ఈ ఒక్క పొరపాటుతో వాదన పక్కదారి పట్టగలదు.

తర్వాత 6:5ను, 8:21ను పక్కపక్కన పెట్టి చూపించు. మనిషి హృదయంలోని ఆలోచన చెడ్డదని మొదటి చోట ప్రళయం వచ్చింది. రెండో చోట, చిన్నప్పటి నుంచీ అది చెడ్డదే అంటూనే ఇక నాశనం చేయనని మాట. ప్రళయానికి చెప్పిన కారణమూ, మళ్లీ ప్రళయం ఉండదనడానికి చెప్పిన కారణమూ ఒకటే. మరి మునిగినవాళ్ల వల్ల ఏం మారింది? ఈ ప్రశ్న నెమ్మదిగా అడిగి ఊరుకో. జవాబు కోసం తొందరపెట్టకు.

'ప్రాణం ఇచ్చినవాడికి తీసుకునే హక్కుంది' అన్న జవాబు తప్పక వస్తుంది. దానికి గ్రీకు తత్వవేత్తల్ని లాక్కురాకు, అతని గ్రంథమే తెరువు. ఆదికాండము 18లో నీతిమంతుణ్ని దుష్టుడితో కలిపి చంపడం నీకు తగదని అబ్రాహాము దేవుడి ముందే నిలబడి వాదిస్తాడు. తండ్రి దోషం కొడుకు మోయడని యెహెజ్కేలు గ్రంథం 18వ అధ్యాయం చెబుతుంది. కుడిఎడమలు తెలియని లక్షా ఇరవై వేలకు పైగా జనాన్ని, పశువుల్ని చూసి నీనెవె నగరాన్ని వదలాలనుకున్న దేవుడు యోనా 4:11లో ఉన్నాడు. నోవహు రోజుల్లోనూ కుడిఎడమలు తెలియని పిల్లలుండరా? 'నోవహు ముందే హెచ్చరించాడు కదా' అంటే, ఆదికాండంలో అతను జనానికి బోధించినట్టు ఒక్క వాక్యమూ లేదు. నీతిని ప్రకటించినవాడన్న మాట వచ్చేది రెండవ పేతురు 2:5లో. బోధించాడనే అనుకున్నా, చంటిబిడ్డ ఏం వింటుంది?

ఈ సందేహం మన కాలంలో పుట్టింది కూడా కాదు. ప్రాచీన మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్) వాళ్ల గిల్గమేష్ కావ్యంలోనూ ఒక జలప్రళయం ఉంది. దాని పదకొండో మట్టి పలకలో, పాపం చేసినవాడి మీదే దాని భారం వేయాలి గానీ అందర్నీ ముంచుతావా అని ఆ ప్రళయం తెచ్చిన ఎన్లిల్ దేవుణ్ని ఇయా అనే ఇంకో దేవుడే నిలదీస్తాడు.

అదే తూకం మన కథలకూ వెయ్యి. శతపథ బ్రాహ్మణం అనే వైదిక గ్రంథంలో ప్రళయం వచ్చినప్పుడు చేప మనువును కాపాడుతుంది. మిగతా ప్రాణులన్నీ కొట్టుకుపోతాయి, ఎందుకో కారణమైనా లేదు. మత్స్యావతారం దగ్గర చేతులు జోడించి నోవహు దగ్గర మాత్రం ప్రశ్నలు వేస్తే, నీది మతద్వేషమే అనుకుంటాడు. అప్పుడు అతణ్ని తప్పుపట్టలేవు.

అతనిది దివిసీమ అని రాశావు. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఆ వైపు పోయిన ప్రాణాలు వేలల్లో ఉన్నాయి. నీళ్లు, శిక్ష అన్న మాటలు ఆ ఇంట్లో ఎత్తేముందు వాళ్లలో ఎవరైనా అలా పోయారేమో కనుక్కో. ఆదివారం ఆరాధన నుంచి వచ్చిన వేళ వెళ్లకు, పెద్దవాళ్ల ముందు మొదలుపెట్టకు. ఒక పూటకు ఒక అధ్యాయం చాలు. బైబిలు అతని చేతిలోనే ఉండనివ్వు, వాక్యాలు అతనే చదవాలి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న