ఐదూ ఆరు

చిన్నా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి గంటసేపు నీ మీద చాడీలు చెప్పాడు. "అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ అవుతాట్ట అన్నయ్యా! ఇక్కడి పిల్లల భుజం దాకా కూడా రాడు. నువ్వు చెప్తే వింటాడు, మాన్పించు" అని. సరే చూస్తాలే అన్నాను. ఫోన్ పెట్టేశాక నేను వంటింట్లో, లేని బంతిని డొక్కకి అదుముకుని అటూ ఇటూ నడుస్తున్నానని మీ పెద్దమ్మ పట్టుకుంది. కాబట్టి మాన్పించడం నావల్ల కాదు. రాయడమైతే రాస్తాను. టెక్సాస్‌లో ఫ్రిస్కోకి వచ్చి రెండేళ్ళేగా, తెలుగు చదవడం ఇంకా మర్చిపోయి ఉండవు.

ముందు ఎత్తు సంగతి తేల్చేద్దాం. ఇక్కడి పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రన్నింగ్ బ్యాక్‌గా ఆడిన బ్యారీ శాండర్స్ ఐదూ ఎనిమిది, అంటే ఐదడుగుల ఎనిమిదంగుళాలు. 1997లో ఒక్క సీజన్‌లో 2,053 గజాలు పరిగెత్తాడు. మారిస్ జోన్స్-డ్రూ ఐదూ ఏడు. 2006 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునేచోట, మొదటి రౌండ్‌లో ఎవరూ తీసుకోలేదని, ఉన్న 32 జట్లనీ గుర్తుపెట్టుకోడానికి 32 నంబరు చొక్కా వేసుకున్నాడు. 2011లో లీగ్ మొత్తం మీద ఎక్కువ గజాలు అతనివే. నా రోజుల్లో న్యూయార్క్ జెయింట్స్‌కి జో మారిస్ ఉండేవాడు, అతనూ ఐదూ ఏడే, 1985లో బంతితో అవతలి చివరి గీత దాటి 21 టచ్‌డౌన్లు పరిగెత్తి కొట్టాడు. డారెన్ స్ప్రోల్స్ అయితే అచ్చం నీ ఎత్తు, ఐదూ ఆరు.

మీ నాన్నకి అర్థం కానిది ఒకటుంది. నీ ముందు నిలబడే లైన్‌మెన్ తాటిచెట్లలా ఉంటారు. వాళ్ళ వెనక పొట్టివాడు, ఆపడానికి కాచుకున్న అవతలి జట్టు లైన్‌బ్యాకర్‌కి కనపడడు. కనపడేసరికి సందులోంచి సగం బయటపడి ఉంటాడు. పైగా నిన్ను కొట్టాలంటే అవతలివాడు నీకన్నా కిందికి వంగాలి. ఆరడుగులవాడికి అది నడుం నొప్పి. మా నాయనమ్మ "పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు" అనేది, ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదనుకునే మనిషి.

అలాగని పొడుగు పనికిరాదని కాదురా. డెరిక్ హెన్రీ ఆరూ మూడు, 2020లో 2,027 గజాలు. పైకి విసిరిన పాస్ అందుకోడానికీ, మీదికొచ్చేవాణ్ణి చేతులు చాచి ఆపడానికీ పొడుగు మంచిదే. కానీ జోన్స్-డ్రూ తూకం 210 పౌన్ల దాకా, స్ప్రోల్స్‌ది 190. నువ్వు 138 అట. నిన్న నాకు నిద్ర పట్టనిది నీ అంగుళాల గురించి కాదు, ఈ పౌన్ల గురించి. పొట్టిగా ఉండొచ్చు, బక్కగా ఉండకూడదు. గుడ్లు తిను, పప్పన్నం తిను, స్క్వాట్లు చెయ్యి. డబ్బా పొడులు కొనకు. ఆగస్టు ఎండలో దాహం వెయ్యకముందే నీళ్ళు తాగు.

ఇప్పుడు నా సంగతి. మీ నాన్నకి కూడా చెప్పలేదు.

నేను ఏడో తరగతి అయ్యాక 1981లో హ్యూస్టన్ వచ్చాను. అక్కడికి దగ్గర్లో ఉన్న సీలీ అనే చిన్న ఊరివాడే ఎరిక్ డికర్సన్. ఆరూ మూడు మనిషి, నిటారుగా, కళ్ళద్దాలు పెట్టుకుని గుర్రంలా పరిగెత్తేవాడు. 1984లో 2,105 గజాలు. ఆ నడుమూ ఆ ఠీవీ చూసి నాకు పిచ్చి పట్టింది. నేనూ ఐదూ ఆరే. మా హైస్కూలు జట్టు జాబితాలో కోచ్ ఐదూ ఎనిమిది అని రాయించాడు, నాకు ఎక్కడలేని సంతోషం. ఆ రెండంగుళాలూ నిజం చెయ్యాలని మెడ నిక్కించి పరిగెత్తేవాణ్ణి.

1985 అక్టోబరు, శుక్రవారం రాత్రి. రెండో క్వార్టర్‌లో కుడివైపు సందులోకి నిటారుగా వెళ్ళాను. లైన్‌బ్యాకర్ హెల్మెట్ నా గడ్డం కింద తగిలింది. నొప్పి లేదు, చిత్రంగా. లైట్లన్నీ ఒక్కసారి తెల్లగా అయిపోయి, బ్యాండు మోత ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు వినిపించింది. లేచాను. బూటు లేసు ఊడింది. కూర్చుని కడుతున్నాను, వేళ్ళకి ముడి ఎలా వెయ్యాలో తెలియట్లేదు. రెండు కొసలూ పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. చివరికి లోపలికి దోపేశాను.

కోచ్ అడిగాడు, బాగానే ఉన్నావా అని. బాగున్నానన్నాను. ఎందుకన్నానో తెలుసా? నా వెనక కాచుకుని ఉన్నవాడు ఆరడుగులు. నేను ఒక్కసారి బెంచీ మీద కూర్చుంటే, పొట్టివాడు తట్టుకోలేడంటారని.

మూడో క్వార్టర్‌లో, క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరే పాస్ ఆట పిలిచారు. అతని మీదికి ఎడమనుంచి దూసుకొచ్చేవాణ్ణి నేను ఆపాలి. ఆ ఆట నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కుడివైపుకి వెళ్ళి, ఎవరూ లేని చోట చేతులు చాపి నిలబడ్డాను. వెనక మా క్వార్టర్‌బ్యాక్ అరుపు వినిపించింది. కాలర్‌బోన్ విరిగింది. వాళ్ళమ్మ కంచె అవతల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఆ యేడు అతను మళ్ళీ ఆడలేదు. నా మీద కోపం కూడా చూపలేదు, పొరపాటున పక్క తప్పిందనుకున్నాడు. నిజం చెప్పడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది.

ఇంటికొస్తే అమ్మ పులిహోర పెట్టింది. ఇవాళ ఏ వారం అని మూడుసార్లు అడిగానట. దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. నెల్లాళ్ళు తలనొప్పి, వెలుతురు చూస్తే వాంతి. అది దిష్టి కాదని నాకు తెలుసు. అమ్మకి చెప్తే ఆట మాన్పిస్తుందని మింగేశాను.

వెధవా, వింటున్నావా? తలకి దెబ్బ తగిలి ఏ కాస్త తేడాగా ఉన్నా ఆ నిమిషమే జట్టులో గాయాలు చూసే ట్రైనర్ దగ్గరికి వెళ్ళి చెప్పు. టెక్సాస్‌లో 2011 నుంచి దీనికి చట్టమే ఉంది, డాక్టరు రాసివ్వందే మళ్ళీ మైదానంలోకి రానివ్వకూడదు. కానీ చట్టం నీ తలలోకి తొంగి చూడలేదుగా. నువ్వే చెప్పాలి. నీ చోటు ఇంకొకడికి పోతే పోనీ. నిన్ను ఎత్తుకుని తిరిగినవాణ్ణి, నిన్ను ఇవాళ ఏ వారం అని అడగాల్సి వస్తే తట్టుకోలేను.

గుంటూరులో కబడ్డీ ఆడావుగా. కూతకెళ్ళినప్పుడు ఎలా ఒంగుతావో అలాగే ఒంగు. మోకాళ్ళు వంచు, నడుం వంచు, మెడ మాత్రం వంచకు. కళ్ళు ముందుకే ఉండాలి. తల దించి గుద్దితే మెడ విరుగుతుంది. బంతి మైదానం పక్క గీతవైపు చేతిలో పెట్టుకో, గుంపులో రెండు చేతులూ వెయ్యి. అందరూ పరుగు చూపించడానికి ఎగబడతారు, నువ్వు మీదికొచ్చేవాణ్ణి ఆపే బ్లాకింగ్ నేర్చుకో. అది రానివాణ్ణి పాస్ ఆటల్లో కోచ్ బయట కూర్చోబెడతాడు, నా సంగతి తెలిశాక నీకు వేరే చెప్పక్కర్లేదు.

మీ అమ్మ ఏడుస్తోందట. ఆమెని ఒకసారి ప్రాక్టీసుకి తీసుకెళ్ళి ట్రైనర్‌కి పరిచయం చెయ్యి. మీ నాన్నకి నేను చెప్తాలే, కాస్త తిడతాడు నన్ను.

మొదటి మ్యాచ్‌కి నేనూ పెద్దమ్మా వస్తున్నాం. నాలుగు గంటల డ్రైవు, పులిహోర కట్టించుకొస్తాను. జట్టు జాబితాలో ఎత్తు ఎంతని అడిగితే ఐదూ ఆరు అని చెప్పు. మీ కోచ్ ప్రేమకొద్దీ రెండంగుళాలు కలిపితే, నువ్వే వెళ్ళి కొట్టించెయ్.

మీ పెదనాన్న