రాజుగారి రాకకు ఊరి ఏర్పాట్లు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: త్వరలో మా ఊరికి చార్లెస్ రాజుగారు వస్తున్నారు. టౌన్ హాల్ ముందు స్వాగతం పలకడానికి మా తెలుగు సంఘాన్ని కూడా రమ్మన్నారు. హారతి, పూలదండ, ముగ్గు, జడకోలాటం పెట్టాలనుకుంటున్నాం. పిల్లలే పాతికమంది. ఏవి కుదురుతాయి?
– ఓ పాఠకురాలు, ఇంగ్లండ్

జవాబు: ముందుగా మీ కౌంటీ లార్డ్ లెఫ్టినెంట్ ఆఫీసుతో మాట్లాడండి. అక్కడ రాజుగారి ప్రతినిధి ఆయనే, పర్యటన ఏర్పాట్లు నడిపేదీ ఆ ఆఫీసే. మీరు అనుకున్న ప్రతి అంశాన్నీ, పాల్గొనేవాళ్ల పేర్లతో సహా, రాసి పంపండి. ఆ రోజు కొత్తగా ఏదీ చేర్చవద్దు. పేరు లేని పిల్లను చివరి నిమిషంలో వరసలోకి తెస్తే పోలీసులు ఆపుతారు, ఆ పిల్ల ఏడుస్తుంది.

హారతి భవనం లోపల వద్దు. కర్పూరం పొగకు ఫైర్ అలారం మోగితే మొత్తం హాలు ఖాళీ చేయించాల్సి వస్తుంది. ఆరుబయట కూడా అనుమతి వచ్చాకే వెలిగించండి. లేదంటే పళ్లెంలో పసుపు, కుంకుమ, పూలు పెట్టి ఊరుకోండి, శోభకు లోటేమీ రాదు. అక్షింతలు నున్నటి రాతి మెట్ల మీద పడితే కాలు జారుతుంది, కాబట్టి మానేయడమే మంచిది.

దండ మెడలో వేయవచ్చో, చేతికి ఇవ్వాలో ఆ ఆఫీసునే అడగండి. ఏదైనా సరే, తేలికగా ఉండాలి. తడి బంతిపూలు కోటు మీద పసుపు మరక వేస్తాయి. పూలు ముందురోజే తెచ్చి, నీళ్లు చల్లకుండా చల్లని చోట ఉంచండి. దారంతోనే కట్టండి. తీగ, గుండుసూదులు వాడవద్దు.

ముగ్గు నేల మీద వేస్తే గాలికి సగం, అడుగుల కింద సగం పోతుంది, వాన పడితే అసలే మిగలదు. నాలుగడుగుల ప్లైవుడ్ పలక మీద బియ్యప్పిండిలో కాస్త జిగురు కలిపి వేసి, ఆరాక నిలబెట్టండి. ఫోటోలకు కూడా బాగుంటుంది.

జడకోలాటం మాత్రం వద్దంటాను. పైనుంచి వేలాడే తాళ్లను జడలా అల్లడం ఒక ఎత్తు, విప్పడం మరో ఎత్తు. అల్లిక సగంలో ఉండగా రాజుగారు ముందుకు కదిలితే పిల్లలు తాళ్లు పట్టుకుని అలాగే నిలబడిపోతారు. మామూలు కోలాటం పెట్టుకోండి. ఎనిమిది జతలకు ఇరవై అడుగుల వెడల్పున్న వలయం కావాలి. ఆయన మీ ముందు ఆగేది ఒకటి రెండు నిమిషాలే అనుకోండి. అందుకే ఎక్కడ మొదలుపెట్టినా, ఎక్కడ ఆపినా బాగుండేలా ఒకే కోపు (అడుగుల, కోలల వరస) తిప్పి తిప్పి ఆడించండి. గురువు ఈల వేయగానే ఆ చుట్టులోనే ముగించడం సాధన చేయించండి. ఆటకంటే ఆ ముగింపుకే ఎక్కువ సాధన కావాలి.

వందనం గురించి భయం వద్దు. తప్పనిసరి నియమమేదీ లేదు. మన నమస్కారం చాలు. ఆయన చేయి చాచితే కలపండి, మీరు ముందు చాచవద్దు. మొదటిసారి ‘యువర్ మెజెస్టీ’ అనాలి, ఆ తర్వాత ‘సర్’ సరిపోతుంది.

చాలా సంఘాలు మరిచిపోయేది ఎదురుచూపుల సంగతి. అతిథి ఉండేది నిమిషాలు, పిల్లలు నిలబడేది గంటలు. భద్రతా తనిఖీ అయ్యాక బయటికి వెళ్లనివ్వకపోవచ్చు. అందుకని లోపలికి వెళ్లే ముందే అందరినీ బాత్రూముకు పంపండి. ప్రతి ఆరుగురు పిల్లలకూ ఒక పెద్దమనిషి, మంచినీళ్లు, బిస్కెట్లు, పట్టులంగాల మీదికి స్వెట్టర్లు సిద్ధంగా ఉండాలి. పెద్దవాళ్లకు మడత కుర్చీలు ముందే అడిగి పెట్టుకోండి.

ప్రశ్న: 1954లో ఎలిజబెత్ రాణి ఆస్ట్రేలియాలో చిన్న పట్టణాలకు కూడా వెళ్లారట. అప్పుడు ఏర్పాట్లు ఎలా ఉండేవి?
– ఓ పాఠకుడు, మెల్‌బోర్న్

జవాబు: ఫిబ్రవరి 3న సిడ్నీలో దిగి ఏప్రిల్ 1 వరకూ తిరిగారు. లిస్మోర్‌కు ఫిబ్రవరి 9న, డబ్బోకు 10న, వాగా వాగాకు 13న వెళ్లారు. అక్కడ అది వేసవి. బడిపిల్లల్ని వరసలుగా నిలబెట్టారు, జ్ఞాపకంగా పతకాలు పంచారు. ఎండలో చాలాసేపు నిలబడి సొమ్మసిల్లినవాళ్లకు ప్రథమ చికిత్స చేయాల్సి వచ్చేది. పశ్చిమ ఆస్ట్రేలియాలో పోలియో వ్యాపించి ఉండటంతో కరచాలనాలు మానేశారు, రాణి రాత్రి బస ‘గోథిక్’ ఓడలోనే చేశారు. కార్యక్రమాన్ని రద్దు చేయకుండా అలా మార్చుకోవడం మంచి నిర్ణయమని నా అభిప్రాయం.

ప్రశ్న: ఎలిజబెత్ రాణి హైదరాబాద్ కూడా వచ్చారా?
– ఓ పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: వచ్చారు. 1983 నవంబర్ 20, ఆదివారం, బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చిలో ప్రార్థనకు హాజరయ్యారు. అది రాణి దంపతుల 36వ పెళ్లిరోజు. ఆ చర్చి 1847 నాటిది.