నాన్నగారు వీణలు చేస్తారా, చేస్తున్నారా?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. మా నాన్న వీణలు చేస్తారు. మొన్న ఒక ఇంటర్వ్యూలో మీ నాన్నగారు ఏం చేస్తారని ఇంగ్లీషులో అడిగితే ‘మై ఫాదర్ ఈజ్ మేకింగ్ వీణాస్’ అన్నాను. అడిగినాయన ‘ఇప్పుడా?’ అని నవ్వారు. ఆ తర్వాత టెన్షన్‌తో నాకు మాట రాలేదు. నేనెక్కడ తప్పాను మాస్టారూ?
– ఒక విద్యార్థిని, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, ఆయన అలా నవ్వకుండా ఉండాల్సింది. నువ్వు చెప్పింది ఆయనకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా నవ్వి ఆడపిల్ల నోరు కట్టేయడం పెద్దరికం కాదు. విజయనగరంలో 31 ఏళ్లు హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. నీ వాక్యం ఏటా ఏదో ఒక రూపంలో నా ముందుకు వచ్చేది. ‘మై ఫాదర్ ఈజ్ డ్రైవింగ్ ఆటో’, ‘మై మదర్ ఈజ్ సెల్లింగ్ ఫిష్’. తెలివి తక్కువై రాసేవి కావు అవి. తెలుగులో ఆలోచించే పిల్లలు రాసేవి.

తెలుగులో ‘చేస్తారు’ అనే ఒక్క రూపం రోజూ చేసే పనికీ వస్తుంది, రేపు చేయబోయే పనికీ వస్తుంది. అందుకని వృత్తి గురించి చెప్పేటప్పుడు మనం తరచుగా ‘చేస్తున్నారు’ వైపు జరుగుతాం. ‘మా అన్నయ్య బ్యాంకులో పనిచేస్తున్నాడు’ అంటాం, ఆ సమయానికి అన్నయ్య ఇంట్లో భోంచేస్తున్నా సరే. మన భాషలో అది తప్పు కాదు. దాన్నే ఇంగ్లీషులోకి దించితే మాత్రం వినేవాళ్లకు ఆ ‘ఇంగ్’ దగ్గర పని సగంలో ఉన్నట్టు కనిపిస్తుంది.

మీ వసారానే తీసుకో. నాన్నగారు పనస దుంగ ముందు కూర్చుని ఉలితో వీణ కుండ భాగం, అంటే నాదం మోగే గుండ్రని బోలు, తొలుస్తున్నారు, చెక్కపొట్టు కాళ్ల మీద పడుతోంది. అప్పుడు ఎవరైనా ఫోన్ చేసి ఆయన ఏం చేస్తున్నారంటే ‘హీ ఈజ్ మేకింగ్ ఎ వీణా’ అను. రాత్రి పదింటికి ఉలి పక్కన పెట్టి నిద్రపోయారు. అప్పుడు కూడా ‘హీ మేక్స్ వీణాస్’ అన్న మాట నిజమే. నిద్రలోనూ ఆయన వీణలు చేసే మనిషే కదా! ఆయన వృత్తి చెప్పాలంటే ఈ ‘మేక్స్’ కావాలి. ఇదే సింపుల్ ప్రెజెంట్.

అలాగని నిద్రను బట్టే అంతా తేల్చేయకు. విశాఖలో ఎవరో ఆర్డరిచ్చిన వీణ ఈ నెలంతా చేస్తున్నారనుకో. ఆయన పడుకుని ఉన్నా ‘హీ ఈజ్ మేకింగ్ ఎ వీణా దిస్ మంత్’ అనొచ్చు. తీగల కింద ఉండే 24 మెట్లూ మైనంలో కూర్చి, 7 తీగలూ బిగించేదాకా ఆ వీణ పని నడుస్తున్నట్టే లెక్క. గడియారం ఏం చూపిస్తోందన్నది కాదు, పనిని నువ్వు ఎలా చూస్తున్నావన్నదే ముఖ్యం. ఎప్పుడూ ఉండే సంగతిగా చూస్తే ‘మేక్స్’, మొదలై ఇంకా ముగియని పనిగా చూస్తే ‘ఈజ్ మేకింగ్’.

మన పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఏటా దసరా వెళ్లిన మంగళవారం జరుగుతుంది. సిరిమాను అంటే చివరన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవైన మాను. దాని గురించి వ్యాసం రాస్తే ‘ద సిరిమాను గోస్ టు ద ఫోర్ట్ త్రీ టైమ్స్’ అని రాస్తావు. అదే మంగళవారం మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో నిలబడి, ఫోన్లో ఊరు కాని ఊళ్లో ఉన్న స్నేహితురాలికి చెప్తే ‘ద సిరిమాను ఈజ్ కమింగ్!’ అంటావు.

ఇక నో (know), వాంట్, లైక్ లాంటి వాటికి మామూలుగా ‘ఇంగ్’ పెట్టవద్దు. ఇక్కడ తెలుగే నీకు తోడు. తెలుసు, కావాలి, ఇష్టం, ఈ మాటలకు మన ‘తున్న’ కూడా అతకదు. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ కూడా వద్దు, ‘ఐ హ్యావ్’ చాలు. ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’ మాత్రం సరైనదే, అక్కడ హ్యావ్ అంటే తినడం.

ఈసారి ఇంటర్వ్యూలో అదే ప్రశ్న వస్తే తల ఎత్తి చెప్పు: ‘మై ఫాదర్ మేక్స్ వీణాస్. హీ కార్వ్స్ దెమ్ ఫ్రమ్ ఎ సింగిల్ లాగ్ ఆఫ్ జాక్‌వుడ్.’ జాక్‌వుడ్ అంటే మన పనస కలప. ఒక వీణకు ఎన్నాళ్లు పడుతుందని అడగొచ్చు. నాన్నగారిని కనుక్కుని ‘ఇట్ టేక్స్’ అంటూ జవాబు మొదలుపెట్టు. ఇంట్లో ఇప్పుడున్న వీణ ఏ కారణం చేతనో ఆలస్యమవుతుంటే, అప్పుడు ‘దిస్ వన్ ఈజ్ టేకింగ్ లాంగర్’ అను.