సాంకేతిక సందేహాలు: ఫోన్‌లో దారుల చిట్టా, కొత్త కంప్యూటర్‌లో పాత ఫైళ్లు

ప్రశ్న: నా ఫోన్‌లో లొకేషన్‌ను ఎప్పుడూ ఆపే ఉంచుతాను. అయినా గూగుల్‌లో ఏది వెతికినా మా ప్రాంతపు దుకాణాలే ముందు వస్తున్నాయి. మరోపక్క, కాశీ యాత్రలో తిరిగిన దారులన్నీ పాత ఫోన్‌లో మ్యాప్స్ తెరిస్తే కనిపించేవి. కొత్త ఫోన్ కొన్నాక ఒక్కటీ లేదు. వద్దన్నది ఆగడం లేదు, కావాలన్నది మిగలడం లేదు. కారణమేమిటి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు అడిగినవి రెండు వేర్వేరు సంగతులు. ఫోన్ ఇప్పుడు ఎక్కడుందో తెలుసుకోవడం ఒకటి, ఇంతకుముందు ఎక్కడెక్కడ తిరిగిందో రాసి పెట్టుకోవడం మరొకటి. సెట్టింగ్స్‌లో లొకేషన్ మీటను ఆపినప్పుడు ఉపగ్రహాలు, చుట్టుపక్కల వైఫైలు, సెల్ టవర్ల ఆధారంగా ఫోన్ లెక్కగట్టే స్థానం యాప్‌లకు అందకుండా పోతుంది. అయితే ఇంటర్నెట్‌కు కలిసిన ప్రతిసారీ మీ ఫోన్‌కు ఒక ఐపీ చిరునామా, అంటే నెట్‌లో దాన్ని గుర్తించే సంఖ్య, ఉంటుంది కనుక, దాన్ని బట్టి మీ ప్రాంతాన్ని సుమారుగా పోల్చుకోవచ్చు. మొబైల్ డేటాలో ఈ అంచనా ఒక్కోసారి మీ ఊరిని వదిలేసి హైదరాబాద్‌ను చూపించడమూ కద్దు. గూగుల్‌లో వెతికిన తర్వాత ఫలితాల పేజీ అట్టడుగుకు వెళ్లి చూడండి: అక్కడ ఒక ఊరి పేరు, దాని పక్కనే ఆ ఊరిని ఎలా గుర్తించిందో, అంటే మీ ఐపీ చిరునామాను బట్టా, పరికరాన్ని బట్టా, గతంలో మీరు వెతికినవాటిని బట్టా అన్నది చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మీ అనుమానానికి సమాధానం చాలావరకు ఆ ఒక్క వరుసలోనే దొరుకుతుంది.

గతంలో వెతికినవాటి చిట్టా గూగుల్ ఖాతాలో ‘వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ’ అనే పేరుతో ఉంటుంది. తిరిగిన చోట్లను రాసిపెట్టే ‘లొకేషన్ హిస్టరీ’ని ఆపినా ఈ రెండో చిట్టాలో స్థాన వివరాలు చేరుతూనే ఉన్నాయని 2018లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ బయటపెట్టింది. ఆ వ్యవహారం ముదిరి, 2022 నవంబరులో అమెరికాలోని 40 రాష్ట్రాలకు 39.15 కోట్ల డాలర్లు చెల్లించేందుకు గూగుల్ ఒప్పుకుంది. కాబట్టి మీరు ‘వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ’నీ తెరిచి, ఆపడమో, పాతవి వాటంతటవే చెరిగిపోయేలా గడువు పెట్టడమో చేయాలి. ఆపినంత మాత్రాన అప్పటికే చేరినవి పోవు, వాటిని విడిగా తొలగించాలి.

ఇక కాశీ దారుల విషయం. ఆ చిట్టాను గూగుల్ ఒకప్పుడు తన సర్వర్లలో దాచేది. దాన్ని ఎవరి ఫోన్‌లో వారికే ఉంచుతామని 2023 డిసెంబరులో ప్రకటించి, తర్వాత అలాగే మార్చింది. గోప్యత దృష్టితో చూస్తే ఇది మేలైన మార్పే. కానీ చిట్టా ఫోన్‌లోనే ఉందంటే, ఫోన్ మారితే అది పాతదానిలోనే ఉండిపోతుందన్నమాట. పాత ఫోన్ ఇంకా మీ దగ్గరే ఉంటే, అందులో మ్యాప్స్ తెరిచి, ప్రొఫైల్ బొమ్మ నొక్కి, టైమ్‌లైన్‌లోకి వెళ్లండి. పైన కనిపించే మేఘం గుర్తుతో బ్యాకప్‌ను ఆన్ చేసి, అదే ఖాతాతో కొత్త ఫోన్‌లోకి దించుకోండి. పాత ఫోన్‌ను మార్పిడిలో ఇచ్చేసి ఉంటే మాత్రం ఆశ తక్కువ.

నా అభిప్రాయం అడిగితే, ఆ పెద్ద మీటను రోజూ ఆన్, ఆఫ్ చేయడం వృథా శ్రమ. ఏ యాప్‌కు ఎంత చెప్పాలో ఒక్కసారి కూర్చుని తేల్చుకోండి. క్యాబ్ యాప్‌కు, వాడుతున్నంతసేపు మాత్రమే, కచ్చితమైన స్థానం ఇవ్వవచ్చు. వాతావరణం చెప్పేదానికి సుమారు స్థానం చాలు, ఆండ్రాయిడ్ 12 నుంచి ఆ వెసులుబాటు ఉంది. టార్చిలైటు యాప్‌కు అసలు అక్కర్లేదు.

ప్రశ్న: నా విండోస్ 10 కంప్యూటర్‌లో ఏళ్ల తరబడి అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన పుస్తకాలు ఉన్నాయి. కొత్తగా విండోస్ 11 ల్యాప్‌టాప్ కొన్నాను. ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుంటే సరిపోతుందా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: సరిపోదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక మారడం మంచిదే గానీ, పాత యంత్రాన్ని అప్పుడే కట్టిపెట్టకండి.

అను వంటి పాత పద్ధతిలో కంప్యూటర్ దాచుకునేది తెలుగు అక్షరాన్ని కాదు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యలనే అది దాచుకుంటుంది, వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే మీ పుస్తకమంతా పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. ప్రతి భాషలోని అక్షరాలకూ విడిగా సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌ పద్ధతిలో అలా కాదు, ‘అ’కు 3077 అనే సొంత సంఖ్య ఉంది కాబట్టి ఏ తెలుగు ఫాంటులోనైనా అది ‘అ’గానే ఉంటుంది. అందువల్ల ముందుగా పాత కంప్యూటర్‌లోనే ప్రతి పుస్తకాన్నీ ఫాంట్లతో సహా పీడీఎఫ్‌గా మార్చి పెట్టుకోండి. ఆ తర్వాతే పేజ్‌మేకర్ ఫైళ్లు, వాడిన ఫాంట్లు, మీ దగ్గరున్న ఇన్‌స్టలేషన్ సీడీలు భద్రం చేయండి. మళ్లీ ముద్రించే ఆలోచన ఉన్న పుస్తకాలను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. కానీ వత్తులు, అరసున్నలు, సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు దొర్లుతాయి, ప్రూఫు చూడక తప్పదు. ఒక అధ్యాయం మార్చి చూసుకున్నాకే మిగతా పని పెట్టుకోండి.

మరో మెలిక ఉంది. డెస్క్‌టాప్ మీద కనిపించే ఫైళ్లన్నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయనుకోకండి. ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సేవ వన్‌డ్రైవ్ నడుస్తుంటే, పక్కన మేఘం గుర్తు ఉన్న ఫైలు పేరుకే అక్కడ ఉంటుంది, అసలుది ఇంటర్నెట్‌లో ఉంటుంది. అలాంటివాటిపై కుడి క్లిక్ చేసి, ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ ఎంచుకుని, దిగుమతి పూర్తయ్యాక కాపీ చేసుకోండి. కాపీకి పెన్‌డ్రైవ్ కన్నా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ నమ్మదగింది. డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో కూడా చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. రేపు మదర్‌బోర్డు పాడై డిస్కును వేరే యంత్రానికి తగిలించాల్సి వస్తే, ఆ కీ లేనిదే మీ ఫైళ్లు మీకే దక్కవు.

ప్రశ్న: పాత కంప్యూటర్‌ను అమ్మే ముందు ఫైళ్లు డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే చాలదా?
- మరో పాఠకుడు, వరంగల్

జవాబు: చాలదు, అలా తీసేసినవాటిని తిరిగి రప్పించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. సెట్టింగ్స్‌లో ‘రీసెట్ దిస్ పీసీ’కి వెళ్లి, అన్నీ తొలగించమని చెప్పి, డ్రైవ్‌ను శుభ్రం చేసే ఐచ్ఛికాన్ని కూడా ఆన్ చేయండి. పెద్ద డిస్కయితే గంటల తరబడి పడుతుంది, మధ్యలో కరెంటు పోకుండా చూసుకోండి. అయితే ఈ పనికి తొందర వద్దు. కొత్త యంత్రంలో ప్రతి ముఖ్యమైన ఫైలునూ తెరిచి చూసుకుని, ఓ నెల రోజులు వాడాకే పాతదాన్ని బేరానికి పెట్టండి.