బ్యాంకు నాణేల్లో వెండి డాలర్లు వెతకడానికి ఎమర్జెన్సీ ఫండ్ తీయొచ్చా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. నాది హెచ్1బీ ఉద్యోగం. మా ఆఫీసులో ఒకాయన బ్యాంకు నుంచి నాణేల బాక్సులు తెచ్చి వెతుకుతాడు, దొరికిన వెండి నాణేలు నాకు చూపించాడు. నేనూ వారానికి నాలుగు బాక్సులు, అంటే 2,000 డాలర్లు పెట్టి వెండి డాలర్లు వెతుకుదామనుకుంటున్నాను. దొరక్కపోతే నాణేలు తిరిగి డిపాజిట్ చేస్తే సరిపోతుంది కదా, నష్టమేముంది? ఎమర్జెన్సీ ఫండ్ నుంచి తీస్తానంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. మీ సలహా ఏమిటి?

జవాబు: మీ ఆవిడ మాట వినండి. ఎందుకో చెప్పే ముందు ఒక సంగతి తేల్చుకుందాం. బ్యాంకు బాక్సుల్లో వెండి డాలర్లు దొరుకుతాయనే ఆశ పెట్టుకోవద్దు.

వెండి డాలర్లంటే 1878 నుంచి 1904 వరకు, మళ్లీ 1921లో వచ్చిన మోర్గాన్ డాలర్లు, ఆ తర్వాత 1935 దాకా ముద్రించిన పీస్ డాలర్లు. ఒక్కోటి 26.73 గ్రాములు, అందులో 90 శాతం వెండి. 1918లో వచ్చిన పిట్‌మన్ చట్టం కిందే 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించేశారు. మిగిలినవి ట్రెజరీలోనూ బ్యాంకుల్లోనూ మూటలుగా పడి ఉండేవి. 1960ల మొదట్లో వెండి ధర పెరగడంతో, సిల్వర్ సర్టిఫికెట్ నోట్లు ఇచ్చి వెండి డాలర్లు పట్టుకెళ్లడానికి వాషింగ్టన్‌లో జనం బారులు తీరారు. 1964 మార్చిలో ట్రెజరీ ఆ మార్పిడిని ఆపేసింది. అరవై ఏళ్ల క్రితమే ఇళ్లకు చేరిన నాణెం మీరు తెప్పించే బాక్సులోకి రావాలంటే, తాతగారి పెట్టెలో దొరికిన డాలర్లను వాటి విలువ తెలియని మనవడెవరో బ్యాంకులో వేసి ఉండాలి. అలాంటివి కూడా ఎక్కువగా టెల్లర్ (కౌంటర్‌లో డబ్బు తీసుకునే ఉద్యోగి) డ్రాయర్‌లోనే ఆగిపోతాయి. ఇప్పుడు డాలర్ నాణేల బాక్సు తెప్పిస్తే వచ్చేవి సకగవేయా, ప్రెసిడెన్షియల్ డాలర్లు. బంగారు రంగులో మెరుస్తాయి కానీ వాటిలో వెండి లేదు. 1971 నుంచి 1978 వరకు వచ్చిన పెద్ద ఐసన్‌హవర్ డాలర్ చూసి చాలామంది వెండి అనుకుంటారు. చలామణీకి ఇచ్చినవన్నీ రాగి, నికెల్ కలిపినవే. 40 శాతం వెండి ఉన్నవి కలెక్టర్ల కోసం విడిగా అమ్మారు.

మీ ఆఫీసు ఆయనకు దొరికినవి బహుశా హాఫ్ డాలర్లు అయ్యుంటాయి. ఆ దారిలో కాస్త అవకాశం ఉంది. 1964 దాకా హాఫ్ డాలర్లలో 90 శాతం వెండి ఉండేది. 1965 చట్టం డైముల్లో (10 సెంట్లు), క్వార్టర్లలో (25 సెంట్లు) వెండిని పూర్తిగా తీసేసినా హాఫ్ డాలర్లలో 1970 వరకు 40 శాతం ఉంచింది. హాఫ్ డాలర్‌ని ఎవరూ పెద్దగా వాడరు కాబట్టి పాతవి ఇంకా అక్కడక్కడా తగులుతున్నాయి. 500 డాలర్ల బాక్సులో 1,000 నాణేలుంటాయి. ప్రతిదాని మీదా సంవత్సరం చదవనక్కర్లేదు, అంచు చూస్తే చాలు. 90 శాతం వెండి నాణెం అంచు తెల్లగా ఉంటుంది, మామూలు దానికి ఎర్రటి రాగి చార కనిపిస్తుంది. అంచు పాలిపోయినట్టుంటే 40 శాతం రకం కావచ్చు, అప్పుడు సంవత్సరం చూడండి.

డబ్బు లెక్కకు వద్దాం. ఔన్సు వెండి 50 డాలర్లు అనుకుంటే 40 శాతం హాఫ్ డాలర్‌లో సుమారు 7 డాలర్ల 40 సెంట్ల వెండి ఉంటుంది, 90 శాతం దాంట్లో 18 డాలర్లది. కొనేవాడు అందులో కొంత తగ్గించే ఇస్తాడు. వారానికి 4,000 నాణేలు చూసి ఒక్కటి కూడా దొరకని వారాలు తప్పకుండా వస్తాయి. బాక్సులు ఒక బ్యాంకులో తీసుకుని ఇంకో బ్యాంకులో డిపాజిట్ చేయాలి, లేకపోతే మీరు వదిలేసిన నాణేలే మళ్లీ మీకొస్తాయి. కొన్ని బ్యాంకులు నాణేలు తెప్పించినందుకు ఫీజు తీసుకుంటాయి, కొన్ని విడి నాణేలు తీసుకోవు. పెట్రోలు, శనివారాలు కూడా ఈ ఖర్చులో రాసుకోవాలి. నష్టమేముంది అన్నారు కదా, ఇదే నష్టం.

ఇక ఎమర్జెన్సీ ఫండ్. హెచ్1బీ మీద ఉద్యోగం పోతే కొత్త ఉద్యోగం చూసుకోవడానికో, దేశం వదలడానికో సాధారణంగా గరిష్ఠంగా 60 రోజుల గడువే ఉంటుంది. ఆ రెండు నెలల్లో అద్దె, లాయర్ ఫీజు, అవసరమైతే ఇండియా టికెట్లు, అన్నీ ఆ డబ్బుతోనే కట్టాలి. అలాంటి సమయంలో 2,000 డాలర్లు నాణేల రూపంలో గ్యారేజ్‌లో ఉంటే, తీసుకునే బ్యాంకు కోసం బరువైన బాక్సులు మోసుకుంటూ తిరగాలి. ఆ టెన్షన్ మీ ఇద్దరికీ వద్దు. క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ముందు అది తీర్చండి. 401కే రిటైర్మెంట్ ఖాతాలో మీరు వేసే డబ్బుకు కంపెనీ జతచేసే మ్యాచ్ పూర్తిగా తీసుకుంటున్నారో లేదో కూడా చూసుకోండి. ఏ బాక్సులోనూ అంత కచ్చితమైన లాభం దొరకదు.

సరదాగా చేస్తానంటే నాకు అభ్యంతరం లేదు, నిజానికి పిల్లలతో కూర్చుని చేయదగ్గ పని. నెల ఖర్చుల్లో మిగిలిన 500 డాలర్లు విడిగా పెట్టుకోండి. ఒకే బాక్సు, అదే డబ్బు మళ్లీ మళ్లీ తిప్పండి. వెండి డాలర్ల మీద అంత మనసుంటే బ్యాంకుకు వెళ్లినప్పుడల్లా "పెద్ద డాలర్ నాణేలు ఏమైనా వచ్చాయా?" అని టెల్లర్‌ని అడగండి. ఆ నాణెం దొరికే అవకాశం ఏమైనా ఉందంటే అక్కడే.

దొరికితే మాత్రం తోమకండి. మెరిపిస్తే కలెక్టర్ దగ్గర విలువ పడిపోతుంది. వెనకవైపు చిన్న అక్షరాల్లో సీసీ (CC) అని ఉంటే అది కార్సన్ సిటీ టంకశాలది, కరిగింపు ధరకు ఇచ్చేయకుండా ఇద్దరు డీలర్లకు చూపించండి. నకిలీ మోర్గాన్‌లు చాలా తిరుగుతున్నాయి కాబట్టి బరువు తూచండి. దొరికిన తేదీ రాసి పెట్టుకోండి, అమ్మినప్పుడు పన్ను లెక్కకు కావాలి. ఏడాది దాటాక అమ్మితే కలెక్టిబుల్స్ లాభం మీద ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం, ఏడాదిలోపు అమ్మితే మీ జీతం మీద పడే రేటే దీనికీ పడుతుంది.