పాత బ్యాకప్‌లోంచి ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ మెయిల్స్ మేము ఎట్లా తీసుకున్నామంటే

మీ ప్రశ్న చూసి రాయకుండా ఉండలేకపోయినా. నాన్నగారి విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ పోయింది, దాని బ్యాకప్ మాత్రం ఒక హార్డ్ డిస్క్‌లో ఉంది, ఎక్స్‌పీతోనే వచ్చే మెయిల్ ప్రోగ్రామ్ ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో ఉండిన పాత మెయిల్స్ కావాలి, నెట్‌లో అకౌంట్ తెరిచి చూస్తే ఒక్కటీ లేదు, అడిగిన చోటల్లా ఇంక రావు అంటున్నారు, ఇదే కదా మీరు అడిగింది. వస్తాయండి. డిస్క్ బాగుండి, బ్యాకప్‌లో మెయిల్ ఫైల్స్ ఉంటే చాలావరకు వస్తాయి. దయచేసి ఆ డిస్క్‌ని ఫార్మాట్ చెయ్యొద్దు, దాంట్లోకి కొత్తగా ఏమీ కాపీ చెయ్యొద్దు.

మాది తిరుపతి. మా మామ, అంటే అమ్మకు తమ్ముడు, శ్రీకాళహస్తిలో కలంకారీ వేస్తాడు. 2003లో ఇంట్లో కంప్యూటర్ పెట్టి, ఫోన్ లైన్‌కి మోడెమ్ తగిలించి, బయట దేశాల్లో గుడ్డలు కొనేవాళ్లకు మెయిల్స్ రాసేవాడు, ఒక పెద్ద గుడ్డ పూర్తయితే ఫోటో తీసి మెయిల్‌కి తగిలించి పంపేవాడు. గుడ్డలు అమ్ముడుపోయినాయి, కెమెరాలో కార్డు నిండితే చెరిపేసి మళ్లీ వాడుకున్నాడు, అంటే అన్నేళ్ల పనికి మిగిలిన ఫోటోలు ఆ మెయిల్స్‌లోనే. 2009లో వైరస్ వచ్చిందని ఒక షాపులో ఇస్తే వాళ్లు ఫార్మాట్ కొట్టి, అంతా బ్యాకప్ తీసినాం సార్ అని రెండు సీడీలు చేతిలో పెట్టినారు. ఇంటికి తెచ్చి చూస్తే వాటిలో మై డాక్యుమెంట్స్ ఫోల్డర్ తప్ప ఏమీ లేదు. మెయిల్ ఆ ఫోల్డర్‌లో ఉండనే ఉండదు. మామ ఆ రోజు భోజనం చెయ్యలేదని అత్త ఇప్పటికీ చెప్తుంది.

ముందు ఒకటి అర్థం చేసుకోవాలి, అకౌంట్‌లో మెయిల్స్ ఎందుకు లేవు అని. అప్పట్లో అందరూ పాప్3 పద్ధతిలో తీసుకునేవాళ్లు, అంటే ప్రోగ్రామ్ సర్వర్ నుంచి మెయిల్‌ని కంప్యూటర్‌లోకి దించుకుంటుంది, మనం ప్రత్యేకంగా సెట్టింగ్ మార్చకపోతే దించుకున్నాక సర్వర్‌లో చెరిపేస్తుంది. చోటు కూడా అంత తక్కువ మరి, 2004 ఏప్రిల్‌లో జీమెయిల్ 1 జీబీతో వచ్చేదాకా హాట్‌మెయిల్ ఇచ్చేది 2 ఎంబీ, యాహూ 4 ఎంబీ. ఇంక మనం పంపిన మెయిల్స్ సంగతైతే, పాప్3లో అవి సర్వర్ పెట్టెలో దాచబడవు, మన కంప్యూటర్‌లోని సెంట్ ఐటమ్స్‌లో మాత్రమే ఉంటాయి. మామ ఫోటోలన్నీ పంపినవాటిలోనే కాబట్టి మాకు ఇన్‌బాక్స్ కంటే సెంట్ ఐటమ్స్ ముఖ్యం అయింది. మీరు కూడా ఇన్‌బాక్స్ ఒక్కటే తీసి ఆపొద్దు, నాన్నగారు రాసిన మాటలు పంపినవాటిలోనే కదా ఉండేది.

మూడేళ్ల కింద మా మరదలు, తను ఇప్పుడు అదే పని చేస్తా ఉంది, నాయన పాత పట్టాభిషేకం గుడ్డ అంచు ఎట్లా ఉండిందో చూడాలి బావా అని అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, 2008లో 40 జీబీ డిస్క్ చాల్లేదని దాన్ని మొత్తంగా పెద్ద డిస్క్‌లోకి కాపీ చేసి మార్చింది నేనే, తీసేసిన పాతది ఏమైందో ఎవరూ ఆలోచించలేదు. బీరువాలో కింది అరలో, నూలు గుడ్డలో చుట్టి పెట్టి ఉంది. అది వెడల్పు పట్టీ కేబుల్ ఉండే ఐడీఈ డిస్క్, ఇప్పటి ల్యాప్‌టాప్‌కి తగలదు, ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ కావాలి, దానికి విడిగా కరెంటు కూడా ఇవ్వాలి. తిరుపతిలో పాత కంప్యూటర్ సామాన్లు అమ్మే చోట వెతికితే దొరికింది. తగిలించేటప్పుడు చెవి దగ్గర పెట్టి విన్నా, టక్ టక్ అని కొట్టుకోవడం లేదు, సన్నగా తిరుగుతా ఉంది. మీ డిస్క్ టక్ టక్ అంటుంటే వెంటనే ఆపి డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వండి, మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూస్తే ఉన్నది కూడా పోతుంది.

ఇంక వెతకాల్సిన చోటు. ఎక్స్‌పీలో ఐతే సీ డ్రైవ్, డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్, యూజర్ పేరు, లోకల్ సెట్టింగ్స్, అప్లికేషన్ డేటా, ఐడెంటిటీస్, దాని లోపల బ్రాకెట్లలో పొడుగాటి నంబర్ ఉన్న ఒక ఫోల్డర్, అందులో మైక్రోసాఫ్ట్, అందులో ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్. ఈ దారిలో కొన్ని ఫోల్డర్లు దాచి ఉంటాయి, అందుకే చాలామంది బ్యాకప్ ఖాళీగా ఉంది అనుకుని వదిలేస్తారు. విండోస్ 11లో ఐతే వ్యూ, షో, హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టండి. పర్మిషన్ లేదు అని వస్తే కంటిన్యూ నొక్కండి, పెద్ద ఫోల్డర్ ఐతే కొంచెం సేపు పడుతుంది. లోపల ఇన్‌బాక్స్ డాట్ డీబీఎక్స్, సెంట్ ఐటమ్స్ డాట్ డీబీఎక్స్ అని ఫోల్డర్‌కి ఒక ఫైల్ చొప్పున ఉంటాయి. దొరికినవన్నీ ముందు ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని, డిస్క్ తీసి పక్కన పెట్టేసి, ఆ కాపీల మీదే పని చెయ్యండి. సీడీ నుంచి తీసిన ఫైల్స్ ఐతే ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ టిక్ తీసెయ్యండి, అది ఉంటే మెయిల్ ప్రోగ్రామ్ తెరవనంటుంది.

డీబీఎక్స్‌ని ఇప్పటి ప్రోగ్రామ్‌లు నేరుగా చదవవు. నేను అన్‌డీబీఎక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడినా, అది ఒక్కో మెయిల్‌ని ఒక్కో ఈఎంఎల్ ఫైల్‌గా విడదీస్తుంది, పాడైన ఫైల్‌లోంచి కూడా దొరికినంత లాగే రికవర్ మోడ్ దాంట్లోనే ఉంది. డీబీఎక్స్ ఫైల్ 2 జీబీ దగ్గరికి పోతే పాడయ్యేది, కాబట్టి సైజు అంత ఉంటే నేరుగా రికవర్ మోడ్‌తోనే పోండి. మామ సెంట్ ఐటమ్స్ 1.3 జీబీ ఉండింది, మామూలుగానే వచ్చింది. అన్‌డీబీఎక్స్‌ని కమాండ్ టైప్ చేసి నడపడం ఇబ్బంది అనిపిస్తే, ఇంట్లో పనిచేసే ఎక్స్‌పీ కంప్యూటర్ ఇంకోటి ఉంటే దాంట్లో ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ తెరిచి, ఇంపోర్ట్ మెసేజెస్‌లో ఈ ఫోల్డర్ చూపించి, వచ్చిన మెయిల్స్‌ని సెలెక్ట్ చేసి డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లోకి లాగినా ఈఎంఎల్స్ అవుతాయి. కానీ ఎక్స్‌పీకి అప్‌డేట్స్ 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయినాయి, దాన్ని నెట్‌కి తగిలించొద్దు.

ఒక ఈఎంఎల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూసినాం ఊరికే. పైన ఎవరికి, ఏ తేదీ, సబ్జెక్ట్, మామ రాసిన నాలుగు లైన్లు, దాని కింద అర్థం కాని అక్షరాలు పేజీలకు పేజీలు. పాడైపోయిందేమో బావా అనింది మరదలు. లేదు, ఆ అక్షరాల మొదట్లో స్లాష్, 9, జే, స్లాష్ అని ఉంది చూడు, జేపెగ్ ఫోటోని మెయిల్‌లో పంపేటప్పుడు అక్షరాలుగా మారిస్తే మొదలు అట్లే ఉంటుంది అని చెప్పినా. మీకూ అట్లా కనిపిస్తే భయపడొద్దు, ఫోటో లోపల ఉన్నట్టే.

తర్వాత థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రామ్ వేసుకుని, ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ టూల్స్ ఎన్‌జీ అనే యాడ్ ఆన్‌తో ఈఎంఎల్స్ అన్నిటినీ లోకల్ ఫోల్డర్స్ కింద ఒక కొత్త ఫోల్డర్‌లోకి తెచ్చుకోండి. ఈఎంఎల్ ఫైల్స్ మీద ఈరోజు తేదీ కనిపించినా కంగారు వద్దు, మెయిల్ లోపల అసలు తేదీ ఉంటుంది, థండర్‌బర్డ్ దాన్ని బట్టే వరసలో పెడుతుంది. తెలుగులో రాసిన మెయిల్ పిచ్చి గుర్తులుగా కనిపిస్తే వ్యూ మెనూలో రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్ నొక్కి చూడండి. అన్నీ సరిగ్గా ఉన్నాయి అనుకున్నాక జీమెయిల్‌ని అదే థండర్‌బర్డ్‌లో ఐమాప్‌గా, అంటే మెయిల్స్ సర్వర్‌లోనే ఉంచే పద్ధతిలో, కలిపి, మెయిల్స్ సెలెక్ట్ చేసి దాంట్లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే ఆన్‌లైన్‌లో కూడా ఒక ప్రతి ఉంటుంది. ఒకేసారి వేలకు వేలు వద్దు, కొన్ని వందలుగా పంపండి, లేకపోతే మధ్యలో తెగిపోయి ఏవి పోయినాయో ఏవి పోలేదో తెలీకుండా పోతుంది. జీమెయిల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో డ్రైవ్, ఫోటోస్ కూడా కలిసే ఉంటాయి, అది కూడా చూసుకోండి.

మీ బ్యాకప్‌లో డీబీఎక్స్ లేకుండా పీఎస్‌టీ అని ఉంటే అది ఎక్స్‌ప్రెస్ కాదు, ఆఫీస్‌తో వచ్చే ఔట్‌లుక్. అప్పుడు పని ఇంకా తేలిక, క్లాసిక్ ఔట్‌లుక్‌లో ఫైల్, ఓపెన్ అండ్ ఎక్స్‌పోర్ట్, ఓపెన్ ఔట్‌లుక్ డేటా ఫైల్ అని పోయి చూపిస్తే తెరుచుకుంటుంది, పాడైతే దాంతోనే వచ్చే స్కాన్‌పీఎస్‌టీ అనే రిపేర్ ప్రోగ్రామ్ నడపండి, అది కూడా కాపీ మీదే.

మాకు 2003 నుంచి 2008 డిస్క్ మార్చిన రోజు దాకా అన్నీ వచ్చినాయి. ఆ తర్వాత ఫార్మాట్ కొట్టేదాకా ఉన్న ఏడాది మెయిల్స్ రాలేదు, ఫార్మాట్ అయిన డిస్క్‌ని అదే కంప్యూటర్‌లో ఏళ్ల తరబడి వాడేసినారు, దాని మీద ఆశ వదులుకున్నాం. పట్టాభిషేకం గుడ్డ 2005 నవంబర్ మెయిల్‌లో దొరికింది. ఫోటో చిన్నదే, ఐనా అంచులో తీగ, తీగ మధ్యలో హంసలు తెలుస్తా ఉన్నాయి. మామకు ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు, స్క్రీన్ దగ్గరికి వంగి చాలాసేపు చూసి, దీనికి పటిక రెండు సార్లు పెట్టినా రా, స్వర్ణముఖిలో నీళ్లు బాగా పారుతుండె ఆ ఏడు, ఉతుకు బాగా కుదిరింది అన్నాడు. మరదలు వెంటనే పెన్ను తీసుకుని అదంతా రాసుకుంది.

మీరు ఆ డిస్క్‌లో డీబీఎక్స్ అని వెతికి ఏమేం ఫైల్స్ వచ్చినాయో, ఒక్కోటి ఎంత సైజు ఉందో రాయండి. బ్యాకప్ తీసింది డిస్క్ మొత్తమా, మై డాక్యుమెంట్స్ ఒక్కటేనా అనేది కూడా చెప్పండి. దాన్ని బట్టి తర్వాత ఏం చెయ్యాలో చెప్తా.